జెండా పట్టిన చేతికి కూలి ఎంత?

(రోడ్డు పనుల వద్ద రాకపోకలను నియంత్రించే కార్మికుల కనీస వేతనాలపై హైదరాబాదులో జరిగిన ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు వచ్చినవారిలో కొందరు నేరుగా పని మీదనుండే వచ్చినట్లున్నారు. వారి భుజాలమీద మెరిసే పట్టీల జాకెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. తవ్విన రోడ్డు మొదట, ఫ్లైఓవర్ స్తంభాల నడుమ, మంచినీటి పైపు కోసం చీల్చిన సందు చివర ఒక చేత ఎర్రజెండా, ఒక చేత పచ్చజెండా పట్టుకొని నిలబడేవారు వీరు. గుత్తేదారు పుస్తకంలో వీరికి ఒక్కొక్కచోట ఒక్కొక్క పేరు. ఒకచోట ఫ్లాగ్‌మన్, ఒకచోట ట్రాఫిక్ మార్షల్, ఒకచోట హెల్పర్, చాలాచోట్ల ఉత్త సెక్యూరిటీ. ఏ పేరు రాస్తే ఏమిటి అని మీరనవచ్చు. ఆ పేరును బట్టే కూలి నిర్ణయమవుతున్నది. అందుచేత ఈ రోజు ఆ పేరు గురించి, దాని వెనుకనున్న కూలి గురించి మాత్రమే మాట్లాడదలచాను.

ఈ పనిని తేలికపనిగా భావించేవారు ఎక్కువ. నిలబడటానికి కూడా నైపుణ్యం కావాలా అని ఒక ఇంజనీరు నన్ను నవ్వుతూ అడిగారు. సగం రోడ్డు మూసి, మిగిలిన సగంలో ఇటు బండ్లు కాసేపు, అటు బండ్లు కాసేపు వదిలే చోటును ఒకసారి ఊహించండి. రెండు చివరల ఇద్దరు మనుషులు ఉంటారు. మలుపు ఉంటే ఒకరికొకరు కనపడరు. అవతలి మనిషి ఆఖరి బండి దాటిందని చెప్పేవరకు ఇవతలి మనిషి పచ్చజెండా ఎత్తరాదు. ఎత్తితే ఎదురెదురుగా లారీలు. వెనుకనుండి హారన్ల మోత, ముందు ప్రొక్లెయిన్ రొద, కళ్ళల్లో దుమ్ము. ఆగనని మొండికేసే డ్రైవరును ఆపటానికి ఆ మనిషి చేతిలో ఉన్నది ఒక గుడ్డపీలిక మాత్రమే. పోలీసు అధికారమూ లేదు, లాఠీ అంతకంటే లేదు. ఇది నైపుణ్యం అక్కరలేని పని అని ఏ లెక్కన అనాలి?

ఇంత అవసరమైన మనిషికి కూలి దగ్గర మాత్రం ఎందుకు ఇంత పిసినారితనం? దీనికి మూలం గుత్తేదారు మనసులో కంటే టెండరు కాగితంలో ఉంది. రోడ్డు పనులకు కేంద్ర రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖవారి స్పెసిఫికేషన్లు ఉన్నాయి. రోడ్లు వేసే శాఖలన్నిటికీ అది దాదాపు మూలగ్రంథం వంటిది. అందులో 112వ విభాగం పని జరిగేటప్పుడు రాకపోకల ఏర్పాటు గురించి చెబుతుంది. అడ్డుకట్టలు, హెచ్చరిక బోర్డులు, దీపాలు, జెండాలు, వాటితోపాటు జెండా పట్టుకునే మనుషులు కూడా ఇంజనీరు కోరినమేరకు గుత్తేదారే సమకూర్చాలని అందులో ఉంది. అదే విభాగం కిందికి వస్తే, ఈ ఏర్పాట్లు పనికి అనుబంధమైనవేననీ, వాటి బాధ్యత గుత్తేదారుదేననీ ఉంటుంది. అనగా తారుకు ఒక రేటు, కంకరకు ఒక రేటు, మట్టి తవ్వకానికి ఘనపు మీటరు చొప్పున ఒక రేటు. జెండా మనిషికి సాధారణంగా విడిగా రేటు లేదు. బిల్లులో వరుస లేనివాని మీద పెట్టిన ప్రతి రూపాయి గుత్తేదారు లాభంలోనుంచి పోయినట్లే అతనికి తోస్తుంది. తారులో మిగిలించుకుంటే రోడ్డు లేచిపోతుంది, అధికారి పట్టుకుంటాడు. జెండా మనిషి కూలిలో మిగిలించుకుంటే పట్టుకునేవాడెవడు?

ఇక చట్టం వైపు వద్దాం. 1948 నాటి కనీస వేతనాల చట్టానికి ఒక షెడ్యూలు ఉండేది. ఏయే ఉపాధులకు కనీస కూలి నిర్ణయించాలో ఆ జాబితా చెప్పేది. అందులో రోడ్ల నిర్మాణం, మరమ్మతు, భవన నిర్మాణం ఒక పద్దుగా ఉన్నాయి. జెండా మనిషి అన్న మాట ఆ జాబితాలో లేదు. లేదు కనుక నీకు ఈ చట్టం వర్తించదని మేస్త్రీలు బుకాయించడం నేను విన్నాను. అది తప్పు. చట్టం చూసింది మనిషి పేరును కాదు, ఏ పనిలో భాగంగా అతనిని నియమించారన్న సంగతిని. రోడ్డు పని లేకపోతే ఆ జెండా అక్కడ ఉండదు. కనుక ఆ కూలి రోడ్డు పని కూలే.

ఇప్పుడు ఆ బుకాయింపుకు అసలే చోటు లేదు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. పాత షెడ్యూలు పోయింది. జాబితాలో ఉన్న ఉపాధులకే కనీస కూలి అన్న పద్ధతి మారి, ఉద్యోగులందరికీ వర్తించేలా కోడ్ రాశారు. పాత చట్టం కింద వెలువడిన నోటిఫికేషన్లు కోడుకు విరుద్ధం కానంతవరకు కొనసాగుతాయి. ఈ కార్మిక కోడ్లపై సంఘాలకు తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి, నాకూ ఉన్నాయి. ఆ చర్చ వేరు. మనకు పనికివచ్చే వాక్యం అందులో ఉంటే దానిని వాడుకోకుండా వదలిపెట్టడం తెలివి అనిపించుకోదు.

తరువాతి ప్రశ్న: ఎవరి రేటు? ఒకే నగరంలో, ఒకే ఎండలో, ఒకే జెండాకు రెండు రేట్లు ఉండవచ్చు. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ 1988 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఏర్పడిన సంస్థ. అది చేయించే పనికి కేంద్ర ప్రభుత్వమే తగిన ప్రభుత్వం. ఆ సంస్థ పని చేసే గుత్తేదారులను కూడా కోడ్ ఇదే పరిధిలోకి తెచ్చింది. కనుక అక్కడ కేంద్రం నిర్ణయించిన కూలి. అదే మీరు జీహెచ్‌ఎంసీ వేయించే వీధిలోనో, జలమండలి పైపులైను దగ్గరనో నిలబడితే రాష్ట్రం నిర్ణయించిన కూలి. మీ జెండా మారలేదు, మీ పక్కనున్న బోర్డు మారింది.

కేంద్ర రేట్లు చెబుతాను, రాసుకోండి. హైదరాబాదు వారి లెక్కలో 'ఏ' ప్రాంతం. 2024 అక్టోబరు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం నిర్మాణ పనులలో నైపుణ్యం లేని పనికి రోజుకు 783 రూపాయలు, కొంత నైపుణ్యం గల పనికి 868, నైపుణ్యం గల పనికి 954. కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలలలో సవరిస్తారు కనుక మీరు అడిగేనాటి రేటును సరిచూసుకోవాలి. ఈ అంకెల పక్కనే ఇంకొక మాట ఉంది. ఆయుధం లేకుండా కాపలా కాసేవారిని అదే ప్రకటనలో నైపుణ్యం గలవారితో సమంగా 954 రూపాయల వరుసలో చేర్చారు. మన గుత్తేదారు ఏం చేస్తున్నాడు? రోడ్డు కూలి ఇవ్వవలసి వస్తుందని జెండా మనిషిని సెక్యూరిటీ అని రాసుకుంటున్నాడు. జాతీయ రహదారి పనిలో అలా రాస్తే 783కు బదులు 954 ఇవ్వవలసిన వరుసలోకి తానే స్వయంగా నడిచివెళ్ళినట్లు! పుస్తకంలో సెక్యూరిటీ, చేతిలో హెల్పర్ కూలి అంటే కుదరదు. రాసిన పేరుకైనా కూలి ఇవ్వాలి, చేసిన పనికైనా ఇవ్వాలి.

నా అభిప్రాయం అడిగితే, జెండా పనిని కనీసం కొంత నైపుణ్యం గల పనిగానైనా లెక్కించాలి. ముందుగా చెప్పిన మలుపు ఉదాహరణ చాలు అందుకు. సంఘాలు వేతన సలహా మండలి ముందు ఈ పేరును విడిగా చేర్చమని కోరాలి. మన బంధువులు ఎందరో ఉన్న అమెరికాలో ప్రభుత్వ నిర్మాణ పనులకు 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ఉంది. కేంద్ర ప్రభుత్వపు డబ్బుతో జరిగే పనిలో, ఆ కౌంటీలో ఆ వృత్తికి చెల్లుబాటవుతున్న కూలికి తగ్గకుండా ఇవ్వాలి. అక్కడి పట్టికలలో చాలాచోట్ల ఫ్లాగర్ అన్న పేరు విడిగా అచ్చయి ఉంటుంది. అక్కడ అంతా సవ్యమని నేననను. పేరు అచ్చయి ఉన్నప్పుడు కార్మికుడు వాదించనక్కరలేదు, వేలు పెట్టి చూపితే చాలు.

రాష్ట్ర రేట్ల సంగతి మరొక కథ. ఉపాధిని బట్టి, మండలాన్ని బట్టి మూల వేతనం, దానిపైన జీవన వ్యయ సూచికను అనుసరించి పెరిగే భత్యం, ఇదీ పద్ధతి. కనీస కూలిని అయిదేళ్ళకు మించకుండా సమీక్షించాలని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెబుతున్నది. 2021 జూన్ నెలలో తెలంగాణ ప్రభుత్వం అయిదు ఉపాధులకు కూలి సవరిస్తూ జీవోలు జారీచేసింది. రోడ్లు, భవనాల నిర్మాణమూ, సెక్యూరిటీ సేవలూ ఆ అయిదింటిలో ఉన్నాయి. సంతకాలయ్యాయి, నంబర్లు పడ్డాయి. గెజెట్‌లో మాత్రం ప్రచురించలేదు. గెజెట్‌లో వెలువడితేనే కొత్త రేటు అమలులోకి వస్తుందని చట్టం. అంటే కాగితం మీద పెరిగిన కూలి కార్మికుని చేతికి చేరే దారి అచ్చాఫీసు గడప దగ్గరే ఆగిపోయింది. చివరకు సంఘంవారు హైకోర్టుకు వెళ్ళారు. వాటిని గెజెట్‌లో ప్రచురించమని 2023లో హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. తాను ఇచ్చిన ఉత్తర్వును తానే అచ్చువేయమని ప్రభుత్వానికి న్యాయస్థానం చెప్పవలసి రావడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు. మీరు కూడా రాష్ట్రపు పనిలో కూలి లెక్క అడిగేటప్పుడు జీవో నంబరుతో సరిపుచ్చుకోకండి. ఏ గెజెట్‌లో, ఏ తేదీన వచ్చిందో అడగండి.

పనిగంటల లెక్కను కూడా ఇప్పుడే చూద్దాం, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోతున్నది ఇక్కడే. జెండా మనిషికి సాధారణంగా రెండు షిఫ్టులు, పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. రోజుకు ఎనిమిది గంటలు దాటి పని చేయించరాదని వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ చెబుతున్నది. దాటితే ఆ అదనపు గంటలకు రెట్టింపు రేటు. 783 రూపాయలను ఎనిమిదితో భాగిస్తే గంటకు సుమారు 98. రెట్టింపు సుమారు 196. నాలుగు గంటలకు 783. అనగా పన్నెండు గంటల డ్యూటీ అంటే సరిగ్గా రెండు రోజుల కూలి, 1,566 రూపాయలు. ఈ సభలో పన్నెండు గంటలు నిలబడి అంత తీసుకున్నవారు ఎవరైనా ఉంటే చేయి ఎత్తండి... ఒక్కరూ లేరు. నా వద్దకు వచ్చిన ఒక యువకుని హాజరు కార్డులో పన్నెండు గంటలకు ఒక్క హాజరు పడి ఉంది. పైగా హెల్మెట్టుకూ జాకెట్టుకూ నెలనెలా కోత. పని స్థలంలో భద్రత కోసం ఇచ్చే ఏ వస్తువుకూ కార్మికుని వద్ద డబ్బు వసూలు చేయరాదన్నది కూడా అదే కోడులో ఉంది.

కూలివాని చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పాలన్న మాట మనలో ఎవరికీ కొత్త కాదు. చట్టం కూడా దినకూలికి షిఫ్టు ముగిసేసరికి కూలి చెల్లించమనే అంటున్నది. మన మేస్త్రీలు రెండింటినీ వినలేదు కాబోలు, నెలాఖరు దాటి పది రోజులకు ఇస్తారు.

కనీస కూలికి తగ్గించి ఇవ్వడం ఎంతటి నేరమో సుప్రీంకోర్టు నలభై ఏళ్ళ క్రితమే చెప్పింది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. ఫ్లైఓవర్లు, స్టేడియంలు హడావుడిగా కట్టారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌ల నుంచి కూలీలను తెచ్చారు. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. గుత్తేదారు ఆ మొత్తాన్ని జమాదారు చేతిలో పెట్టేవాడు. జమాదారు ఒక రూపాయి కమిషను పట్టుకొని 8 రూపాయల 25 పైసలు కూలీకిచ్చేవాడు. ప్రజాస్వామిక హక్కుల సంఘం పీయూడీఆర్ కోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు దానినే పిటిషనుగా స్వీకరించింది. జస్టిస్ పి.ఎన్. భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాం విచారించారు. ఆకలి కూడా ఒక బలవంతమేననీ, గత్యంతరం లేక కనీస కూలికి తక్కువకు పనిచేసేవాని శ్రమ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేననీ ఆ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒప్పుకొనే చేశాడు కదా అన్న వాదన ఆ తీర్పుతో చెల్లకుండా పోయింది. మరుసటి ఏడు, 1983లో, రాజస్థాన్‌లో కరువు పనుల కింద మదన్‌గంజ్-హర్మాడా రోడ్డు వేసిన కూలీల కేసులో కోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. కరువు సహాయం ఇస్తున్నాం కదా, కూలి తగ్గిస్తే ఏం అని రాష్ట్రం అడిగింది. రోడ్డు వేయించుకుంటూ దానిని దానమని అనరాదని కోర్టు దాదాపు ఆ అర్థమే వచ్చేలా చెప్పింది. ఒక్క రూపాయి కమిషను అని తేలికగా తీసుకునేవారు ఈ రెండు కేసులూ రోడ్ల మీద పుట్టినవేనని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ హోంగార్డుల మాట కూడా చెప్పాలి. కూడళ్ళలో వాహనాలను ఆపే మనవాళ్ళలో వారూ ఉన్నారు. వారిని స్వచ్ఛంద సేవకులంటారు, కనుక వేతనమని కాక భత్యమని అంటారు. 2015లో హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు, వారికిచ్చే భత్యం నెల మొత్తానికి లెక్కిస్తే పోలీసు సిబ్బంది పొందే కనిష్ఠ జీతానికి సమానం కావాలని నిర్దేశించింది. తెలంగాణలో 2025 జనవరి నుంచి రోజు భత్యం 921 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ విభాగంలో ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు, మంచి పని. గుత్తేదారు కింద జెండా పట్టేవాడు వీరెవరి లెక్కలోకీ రాడు. పోలీసు శాఖ అతడు మావాడు కాదంటుంది, రోడ్డు శాఖ గుత్తేదారుని అడగమంటుంది, గుత్తేదారు ఏజెన్సీని చూపుతాడు, ఏజెన్సీ మేస్త్రీని చూపుతుంది. మేస్త్రీ ఫోను ఎత్తడు.

ఈ గొలుసుకు చట్టం ఒక ముడి వేసింది. గుత్తేదారు కూలి ఇవ్వకపోతే, తక్కువ ఇస్తే, పని చేయించుకున్న ప్రధాన యజమాని చెల్లించి, ఆ సొమ్మును గుత్తేదారు బిల్లులోనుంచి రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్నదే ఇది, కొత్త కోడులోనూ నిలిచింది. ఏజెన్సీ పేరు తెలియకపోయినా మీ హక్కు పోదు. రోడ్డు ఎవరిదో తెలిస్తే చాలు.

ముస్లింల స్థితిగతులపై 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక నెలజీతపు ఉద్యోగాలలో మన వాటా ఎంత స్వల్పమో చూపింది. రిజర్వేషన్ల గురించి, రుణాల గురించి మనం చేసిన సభలకు లెక్కలేదు. చేయవలసినవే. కానీ ఇప్పటికే చేస్తున్న పనికి, ఇప్పటికే చట్టంలో ఉన్న కూలిని రాబట్టుకోవడం గురించి ఎన్ని సభలు చేశాం? ఇది ఎవరో మంజూరు చేయవలసిన పథకం కాదు. మీ పక్కన జెండా పట్టుకొని నిలబడినవాడు ఏ మతంవాడైనా అతనిదీ అదే బాకీ. అతడు కలిసిరాకపోతే మీ ఫిర్యాదు సగం బలమే.

ఫిర్యాదు ఎలాగన్నది చెప్పి ముగిస్తాను. ఇదివరకు ఆరు నెలలలోపు అడగాలన్న గడువు ఉండేది. కోడులో అది మూడేళ్ళయింది. రావలసిన మొత్తానికి పదింతల వరకు పరిహారం కూడా అధికారి విధించవచ్చు. కూలి చెల్లించానని రుజువు చేసుకునే భారం యజమానిదే. అయినప్పటికీ మీ చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి. ఇళ్ళలో అమ్మలు, అక్కలు పాల లెక్క గోడ క్యాలెండరు మీద రాస్తారు. అదే క్యాలెండరు మీద ఆ రోజు ఎన్ని గంటలకు వెళ్ళారో, ఎన్నింటికి వచ్చారో, ఏ రోడ్డు మీద నిలబడ్డారో, ఎంత చేతికి వచ్చిందో రాయించండి. పని దగ్గర పాతిన బోర్డును ఫోనులో ఫొటో తీయండి. పని చేయించే శాఖ పేరు, గుత్తేదారు పేరు సాధారణంగా దానిమీదే ఉంటాయి. కేంద్రపు పని అయితే విద్యానగర్‌లోని కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయం, రాష్ట్రపు పని అయితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. ఒక్కొక్కరు విడివిడిగా వెళ్ళనవసరం లేదు, ఎంతమంది తరఫునైనా ఒకే దరఖాస్తు చేయవచ్చు, మీరు సభ్యులైన రిజిస్టర్డ్ సంఘం కూడా చేయవచ్చు.

సభ తరువాత బయట వరండాలో ఇద్దరు న్యాయవాదులు కూర్చుంటారు. హాజరు కార్డులు, జీతం చీటీలు తెచ్చినవారు వారికి చూపండి. తేనివారు వచ్చే ఆదివారం తీసుకురండి, బోర్డు ఫొటోతో సహా.